మంచులో ఒంటరి మృగము

వేటను వర్ణించిన కవులు మనకు గొదువలేరు. అయినను కవి చూపు సాధారణముగా వేటకాని వెంటనే పోవును. శాకుంతల ప్రథమాంకమున లేడి మెడ త్రిప్పి చూచు సొంపును మనకు జెప్పువాడు సైతము రథముపైనున్న రాజే. అమెరికా రచయిత జాక్ లండను (1876–1916) 1901లో ప్రకటించిన ‘లా ఆఫ్ లైఫ్’ అను చిన్నకథలో ఈ క్రమము తలక్రిందైనది. జీవధర్మమని దాని పేరునకు దెలుగు చేయవచ్చును.

లండను 1897లో బంగారమునకై క్లోండైక్ సీమకు బోయి యొక శీతకాలము గడపినవాడు. చలిని వినికిడిచే వ్రాసినవాడు కాడు. కోస్కూష్ అను వృద్ధుడొకప్పుడు తన తెగకు నాయకుడు, ఇప్పుడు గ్రుడ్డివాడు. తెగవారు ఆహారమునకై వలసపోవుచు ఆతనిని మంచులో, చిన్న నెగడు ప్రక్కన, కొన్ని కట్టెలతో విడిచిపోవుదురు. అతడు బాల్యమున జూచిన యొక వేటను దలచికొనును. అమెరికాలో మూస్ అనియు, ఐరోపాలో ఎల్క్ అనియు బిలువబడు మహామృగ మొకటి, ముసలిది, తోడేళ్లకు జిక్కినది. కోస్కూషును, ఆతని చెలికాడును మంచుపై జాడలను జదువుకొనుచు బోవుదురు. ఇచ్చట మృగము మొదటిసారి నిలిచి పోరాడినది. ఇచ్చటనే యొక తోడేలును త్రొక్కి చంపినది, దాని గుర్తుగా మిగిలినవి శుభ్రముగా గొఱికిన కొన్ని యెముకలు. ఇచ్చట మరల నిలిచి పోరాడినది. అక్షరము లెఱుగని బాలురు మంచును పుస్తకమువలె జదివిన యీ భాగమే కథకు బ్రాణము.

నా యాక్షేపణ వేఱొకచో నున్నది. ముసలి మృగమును మంద విడిచినట్లే ముసలివానిని తెగ విడిచినది, ఇది ప్రకృతిశాసనము అని వృద్ధుడు తన్ను దా నూరడించుకొనును. రచయితకు హెర్బర్టు స్పెన్సరునియందు గురి మెండు. ఆ గాలి యిక్కడ వీచుచున్నది. కాని మూస్ మందగట్టి తిరుగు జాతి కాదు. కఠినమైన చలికాలమున కొన్ని యొకచో జేరుట యున్నను, అది ప్రాయికముగా ఒంటరిగనే మెలగును. వయసులోనున్నది కూడ నొంటరిగనే తోడేళ్ల నెదిరించును. పరుగెత్తక నిలిచి తన్నినదానిని అవి పలుమారు విడిచిపోవును. విడుచుటకు మందయే లేనప్పుడు పోలిక యెట్లు నిలుచును? తోడేళ్లో, తల్లిదండ్రులు బిడ్డలు గలసి కుటుంబముగా వేటాడును!

మృగమును విడిచినవా రెవరును లేరు. వృద్ధుని విడిచినవాడు కన్నకొడుకు. నాయకుడైన ఆ కుమారుడు వచ్చి, తండ్రి తలపై చేయి యుంచి, క్షేమమడిగి వెడలిపోవును. మనుమరాలు మఱికొన్ని కట్టెలు కూర్చియుండవచ్చును. ఆ చలిలో ఎన్ని కట్టెలో యన్ని గడియల ప్రాణము. ఇది ప్రకృతి నియమమా, అజాగ్రత్తయా? కొడుకు మనసు కరగి కుక్కల బండితో మరలివచ్చునేమో యని వృద్ధుడు చెవియొగ్గి వినుట కథలో నున్నది. శాసనమును నిజముగా నమ్మినవాని కా యాశ యేల? ఆకలిగొన్న తెగకు వేఱు గతి లేకపోవచ్చును, దానిని నిందింపను. (ఇది పరదేశి కల్పించిన కథయే కాని ఆ జాతుల చరిత్ర కాదని చదువరులు మఱవరాదు.) దుర్గతికి ధర్మమని పేరుపెట్టుట మాత్రము నాకు సమ్మతము కాదు. ఒకప్పుడు మన యిండ్లలో బాలవితంతువు తల గొఱిగించినవారును శాస్త్రమనియే చెప్పిరి. ముసలి తల్లిని పల్లెలో నొంటరిగా విడిచి, లోకసహజమని యూరకుండువారు నేడును గలరు.

విచిత్రమేమన, లండనునకు లండనే సమాధానము చెప్పినాడు. 1908లో వెలువడిన ‘టు బిల్డ్ ఎ ఫైర్’ అను కథలో సల్ఫర్ క్రీక్ ముసలివాడొకడు, ఫారన్‌హీటు మానమున సున్నకు 50 డిగ్రీలు దిగువకు బోయిన చలిలో ఎవడును ఒంటరిగా బ్రయాణము చేయరాదని హెచ్చరించును. విన్నవాడు నవ్వి, 75 డిగ్రీల చలిలో కుక్కను మాత్రము వెంటబెట్టుకొని బయలుదేరును. తడిసిన పాదముల నారబెట్టుకొనుటకు వేసిన మంట కొమ్మలపైనుండి రాలిన మంచుచే నాఱిపోవును, అతడు మరణించును. ముసలివాని మాట ప్రాణముతో సమానమైనచోట ముసలివానిని విడిచిపోవుట తెగకు లాభమెట్లగును?

‘లా ఆఫ్ లైఫ్’ చివర తోడేళ్లు చుట్టుముట్టగా కోస్కూష్ మొదట కొఱవి యెత్తి త్రిప్పును. పిదప ఆ ముసలి మృగము కడపటి పోరు కన్నులకు గట్టగా, కొఱవిని మంచులో బడవైచి తల మోకాళ్లపై వాల్చును. కథలోని చివరి వాక్యము ప్రశ్నరూపమున నున్నది. దీనిని తెనిగింపబూనువారు ఆ ప్రశ్నార్థకమును జాగరూకతతో నిలుపవలెను.