ట్యాపెట్ మొహం

లారీ షెడ్డు గేటు దాటకముందే చప్పుడు వినిపించింది. టిక్ టిక్‌మని, యాక్సిలేటర్ తొక్కితే తనూ జోరందుకుంటూ. విజయవాడ ఆటోనగర్లో ఆ చప్పుడుకి ఎవరూ తలెత్తరు. నేను ఎత్తాను. అదే బండి, అదే జబ్బు, మూడోసారి. రెండుసార్లూ ట్యాపెట్లు, అంటే క్యామ్ తోపుని వాల్వుకి అందించే ముక్కలు, మార్చింది నేనే మరి.

మొదటిసారి తప్పు ఆయిల్ మీదికి నెట్టాను. ‘డ్రైవర్లు వేళకి మార్చరండీ’ అంటే ఓనరు నమ్మాడు. అది అబద్ధమూ కాదు. డీజిల్ మసి నిండిన ఆయిల్ చిక్కబడి, ఇనుముని ఆకురాయిలా గీకుతుంది. రెండోసారి ఫిల్టర్ పేరు చెప్పాను. అది పూడుకుపోతే బైపాస్ తెరుచుకుని వడకట్టని ఆయిలే ఇంజన్లోకి పోతుంది. ఇక మూడోసారికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

మా పెద్దమేస్త్రీ పాత ట్యాపెట్ని గుడ్డతో తుడిచి ఎండకి పట్టాడు. ‘‘దీని మొహం ఎప్పుడన్నా చూశావట్రా?’’

చూడలేదు. పాతది డబ్బాలో పడేసి కొత్తది అందుకోవడమే అలవాటు. మొహం మీద ఒకే చోట గాడి పడి ఉంది. ట్యాపెట్ పైకీ కిందికీ ఆడటమే కాదు, తన చుట్టూ తాను తిరగాలి. అందుకే క్యామ్ మీది ఉబ్బు, అదే లోబ్, దాని నడిమధ్యన కాక కాస్త పక్కగా తగులుతుంది. లోబ్‌కి సన్నటి వాలు కూడా ఉంటుంది. ఆ వాలు అరిగిపోయిన పాత క్యామ్ మీద కొత్త ట్యాపెట్ తిరగదు. నిమిషానికి వెయ్యిసార్లు ఒకే చోట దెబ్బ తింటుంది.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. ఆ ఆరు సిలిండర్ల ఇంజన్లో ట్యాపెట్లు పుట్టగొడుగు ఆకారంలో ఉంటాయి, కిందనుంచే ఎక్కాలి. క్యామ్ తీయకుండా అవి రావు. అంటే రెండుసార్లు క్యామ్‌ని చేతుల్లోకి తీసుకుని, శుభ్రంగా కడిగి, మళ్లీ అదే పెట్టాను! పైగా స్టార్ట్ చేసి, ఐడిల్లో వదిలేసి, టీకి వెళ్లాను. కొత్త ట్యాపెట్లకి మొదటి ఇరవై నిమిషాలు ఇంజన్ని 1500 ఆర్పీఎం పైన తిప్పాలి. ఐడిల్లో క్యామ్ మీదికి ఆయిల్ సరిగా చిమ్మదు.

చప్పుడు పోవాలని వాల్వు గ్యాప్ బిగించేవాళ్లూ ఉన్నారు. చప్పుడు పోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోక కాలుతుంది. ఈ ఇంజన్‌కి చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.50 మిల్లీమీటర్లు. అంతే.

ఈసారి కొత్త క్యామూ పన్నెండు ట్యాపెట్లూ కలిపి వేశాం. సామాన్ల డబ్బు ఓనరు ఇచ్చాడు. కూలి నేను అడగలేదు.