సామాజికుడు లేని సిరిమాను

2020వ సంవత్సరమున మన వాడుకలోనికి వచ్చిన మాటలలో ‘సామాజిక దూరము’ ఒకటి. సర్కారు ప్రకటనలనుండి కూరగాయల బండివరకు ఆ మాట ప్రాకినది. వ్యాధి సోకకుండుటకై మనిషికి మనిషికి నడుమ ఎడముండవలెనని దాని తాత్పర్యము. ఎడముండవలసినది శరీరములకే గాని సంబంధములకు కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ సంవత్సరము మార్చిలోనే గ్రహించి, ‘భౌతిక దూర’మను మాటను మేలుగా నెంచినది. అయినను జనుల నోట మొదటిమాటయే నిలిచినది. అలంకారశాస్త్రము చదివినవారి చెవికి ఈ మాట వేరొక విధముగా సోకును. మన శాస్త్రమున సామాజికుడనగా ప్రేక్షకుడు, రసమునకు ఆశ్రయమైనవాడు, ప్రయోగము ఎవనికొరకు జరుగునో వాడు. వానిని దూరముగా నుంచి జరిపిన ప్రయోగమున మిగులునదేమి? ఇది ఊహకొరకు వేసిన ప్రశ్న కాదు. 2020 అక్టోబరు 27వ తేదీ మంగళవారమునాడు విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము అట్లే జరిగినది. లక్షలమంది క్రిక్కిరిసి యుండవలసిన వీధిలో జనసమూహమునకు అనుమతి లేకపోయెను. ఆ యుత్సవమును, ఆ పండుగనాళ్ల వీధిని ఆధారముగా గొని, మహమ్మారికాలపు తెలుగు రచనను గూర్చి మాకు తోచిన కొన్ని మాటలను ఇచట నివేదించుచున్నాము.

ఉత్సవస్వరూపమును తెలియనివారికై కొంత చెప్పవలసియున్నది. విజయదశమి వెళ్లిన తరువాతి మంగళవారము సిరిమాను. దాని ముందటి సోమవారము తొలేళ్లు. అమ్మవారికి ఊరిలో రెండు గుళ్లు. రైల్వేస్టేషను దాపున నున్నది వనముగుడి. మూడులాంతర్లకడ నున్నది చదురుగుడి. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలియుద్ధమునకును, పూసపాటివారి యాడుబడుచు పైడిమాంబకును ముడివేసిన ఐతిహ్యము ఈ గుళ్లకు మూలము. ఏటేట ఒక చింతమానును అమ్మవారు పూజారికి కలలో చూపునని నమ్మిక. ఆ మానును కొట్టి తెచ్చి, చెక్కి, బండికి ఎత్తుదురు. దాదాపు అరువది అడుగుల ఆ మాని కొనను పీటమీద కూర్చుండి పూజారి చదురుగుడినుండి కోటవరకు మూడుమారులు పోయి వచ్చును. ముందు పాలధార, అంజలిరథము, తెల్లయేనుగు, బెస్తవారి వల నడచును. అమ్మవారి విగ్రహము పెద్దచెరువునుండి వెలువడెనను కథ విన్నవానికి ఆ వలను చూడగనే ఒళ్లు గగుర్పొడుచును. వీధికి రెండుప్రక్కల నున్నవారు మానువైపు అరటిపండ్లు విసరుదురు.

ఈ కోటదరినే బొంకులదిబ్బ యున్నది. గురజాడవారి కన్యాశుల్కము మొదటి రంగమున తెర లేచునది ఆ చోటనే. ఊరి మహానాటకము ఊరివీధిలోనే మొదలగుట మాకు యాదృచ్ఛికముగా తోచదు. ఈ పట్టణమున వీధియే రంగస్థలము. అరుగులు, మేడలు ప్రేక్షకస్థానములు.

ఇక ఆ సంవత్సరమును చూతము. దాని పేరు శార్వరి. శార్వరి యనగా రాత్రి. 2020 మార్చి 25వ తేదీన ఉగాది వచ్చెను. దేశమంతట లాక్‌డౌను మొదలైనదియు ఆనాడే. పంచాంగశ్రవణమునకు గుడికి పోవువారు లేకపోయిరి. విజయనగరము జిల్లాకు వ్యాధి తక్కిన జిల్లాలకంటె ఆలస్యముగా వచ్చినది. మే మొదటి వారమువరకు అచట ఒక్క కేసును నమోదు కాలేదు. ఏప్రిలు చివర గుజరాతులోని వేరావలు రేవున చిక్కుకొనిన మత్స్యకారులు వేలకొలదిగా బస్సులలో తిరిగివచ్చిరి. వారిలో అధికులు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారే. వలసలకు పేరుపడిన ఈ సీమలో ఊరికి వచ్చినవానిని చూచి ‘ఎప్పుడు వచ్చితివి’ అని యడుగుట ఆదరము. ఆ వేసవిలో అదే ప్రశ్న అనుమానమైనది. మాటలు మారలేదు, అడుగు స్వరము మారినది. ఇట్టి స్వరభేదమును పట్టుకొనవలసినవాడు కథకుడు.

ఆగస్టు 22వ తేదీ వినాయకచవితికి వీధిపందిళ్లు లేవు. సెప్టెంబరు 17వ తేదీన మహాలయ అమావాస్య వెళ్లినది గాని మరునాడు దసరా మొదలు కాలేదు. ఆ యేడు ఆశ్వయుజమునకు అధికమాసము వచ్చినది. పండుగ నెలదినములు వెనుకకు జరిగినది. జ్యోతిర్గణితమునకు ఇది సామాన్యవిషయమే. కాని ఆరునెలలుగా ఎదురుచూచుటయే పనిగా నున్న వీధికి పంచాంగము సైతము ఇంకొక నెల ఆగుమన్నట్లు తోచియుండును. అక్టోబరు 25న విజయదశమి, 26న తొలేళ్లు, 27న సిరిమాను. పూజారి మాని కొన నెక్కెను, బండి నడచెను, చూచినవారిలో పెక్కుమంది తెరమీద చూచిరి.

ఇచట మా ప్రశ్నకు వత్తము. భరతుని నాట్యశాస్త్రమునకు వ్యాఖ్య వ్రాసిన అభినవగుప్తుడు రసవిఘ్నములను ఏడింటిని పేర్కొనెను. అందొకటి నిజసుఖాదివివశీభావము. తన యింటి సుఖదుఃఖములతో వివశుడైన వానికి రసప్రతీతి కలుగదని భావము. దానికి విరుగుడు గానము, వాద్యము, మండపాలంకారము మున్నగునవి. అవి ప్రేక్షకుని తన గొడవనుండి తప్పించి ప్రయోగమునందు నిలుపును. అనగా నాట్యశాల వాకిట చెప్పులతోబాటు సొంతకష్టమును సైతము విడిచి లోనికి రమ్మని శాస్త్రము శాసించుచున్నది. జాతర ఇందులకు ఎదురుగా నడచును. సిరిమాను వీధికి వచ్చు మనుష్యుడు తన కష్టమును విడిచి రాడు, మూటగట్టుకొని తెచ్చును. బిడ్డకు జ్వరమో, అల్లునికి పనిలేమియో, కోడలికి సంతులేమియో, ఏదో ఒక మ్రొక్కు వాని చేతిలోని అరటిపండునందున్నది. వివశీభావము ఇచట విఘ్నము కాదు, ప్రవేశార్హత. కాగా జాతరలోని జనుని సామాజికుడనుట సరికాదు. వానికి తగిన పారిభాషికపదము మన శాస్త్రమున మాకు కనబడలేదు. ‘మ్రొక్కుబడివాడు’ అను వాడుకమాటయే దగ్గరి మాట.

ఈ భేదమును ఒప్పుకొన్నచో 2020 నాటి ఉత్సవమును గూర్చి రెండు విధముల మాటాడవలసివచ్చును. ప్రయోగముగా అది పూర్తియైనది. అంగములలో ప్రధానమైనది లోపింపలేదు, ఆచారము తెగలేదు. ఆ నియంత్రణములు అవసరములే. వాని మంచిచెడ్డలు విచారించుట మా పని కాదు. కాని మ్రొక్కుబడిగా అది పూర్తికాలేదు. చేతిలోని పండు చేతిలోనే యుండెను.

అయినచో మ్రొక్కు ఎచటికి పోయినది? ఇంటిలోనికి పోయినది. ఈ సీమలో సిరిమానుకు చుట్టములను పిలువనక్కరలేదు. పల్లెలనుండి ఆడపడుచులు, అల్లుళ్లు, వారి పిల్లలు తమంతట తాము వత్తురు. వీధిమీద మేడ యున్నవారికి తెలియని చుట్టములును తెలిసివత్తురు; మేము దీనిని హాస్యమునకు చెప్పుటలేదు. పిలుపు అక్కరలేని పండుగకు ‘రావలదు’ అని చెప్పవలసివచ్చుట ఎంతటి సంకటము! పిలుచుటకు మన భాషలో నూరు తీరులున్నవి. రావలదనుటకు ఒక్క మర్యాదవాక్యము లేదు. ఆ దసరా దినములలో టెలిఫోనులందు ప్రతియిల్లు అట్టి వాక్యమును తనకు తానే కల్పించుకొనవలసివచ్చినది. ‘బావా, ఈయేడు అక్కణ్ణుంచే దణ్ణమెట్టుకోండి, తల్లి చల్లగా చూస్తే పైయేడు అందరం కలుద్దుం’ వంటి మాటను చూడుడు. ఇందు నిషేధము లేదు, భయము పేరు లేదు, రోగము ఊసు లేదు. రాకను ఒక సంవత్సరము వాయిదావేసి, ఆ భారమును తల్లిమీద నుంచినది. ధ్వనికి ఉదాహరణముల కొరకు సంస్కృతశ్లోకములను వెదకు మన విద్యార్థులు ఇట్టి వాక్యమును తరగతిలో విప్పిచూడవచ్చును.

మేము చదివిన కరోనాకాలపు తెలుగు కవితలలో అధికభాగము ఈ వాక్యముదాక రాలేదని చెప్పక తప్పదు. వలసకూలీల నడకను గూర్చి వ్రాసినవానిలో నిజమైన ఆవేదన యున్నది, అవి నిలుచును. కాని పట్టణపు వీధిని గూర్చి వ్రాసినపుడు కవులకు ఒకే వస్తువు దొరకినది: శూన్యత. వీధి శూన్యము, గుడి శూన్యము, ఆకాశము నిర్మలము. శూన్యతను వర్ణించుట సులభము. అందులకు మనుష్యులను ఎరుగనక్కరలేదు. నిజమునకు ఆ వీధులు శూన్యములు కావు. కళ్లాపి చల్లినవారు, ముగ్గు వేసినవారు, గుమ్మమున పసుపు రాసినవారు, బండివానివద్ద పువ్వుల బేరము మాస్కుక్రిందనుండియే గట్టిగా ఆడినవారు ఉండిరి. బేరము సగము కన్నులతో సాగును గనుక మాస్కు దానిని ఆపలేదు. పండుగ కొనుగోళ్లు లేక చేతులు ముడుచుకొనిన చిల్లరదుకాణపువాడును ఉండెను. వీరెవరును శూన్యములు కారు.

ఈ వైపున కథకులకు దారి చూపుటకు దూరము పోనక్కరలేదు. విజయనగరపు చాగంటి సోమయాజులుగారి, అనగా చాసో (1915–1994) గారి, ‘వాయులీనము’ కథలో రోగము కలదు. కథకుడు రోగమును వర్ణించుటకు పూనుకొనలేదు. వైద్యమునకై ఇంటిలోని ఫిడేలు బయటికి పోయినది. ఆ పోవుటలో రోగమంతయు ఉన్నది. రోగము ఇంటిలోనికి వచ్చినదని చెప్పుటకు ఇంటినుండి ఏమి వెళ్లినదో చెప్పిన చాలునని చాసో ఎరుగును. గురజాడవారు 1910లో ‘ముత్యాల సరములు’ వ్రాసినపుడు లోకమంతయు హేలీ తోకచుక్కను చూచి బెదరుచుండెను. ఆయన ఆ బెదరును బెదరుగా వర్ణించి ఊరకుండక సంఘసంస్కారపు మాటకు ముడివేసెను. ఈ యిద్దరును ఉపద్రవమును పెద్దదిగా చూపుటకై మనుష్యుని చిన్నవానిని చేయలేదు.

భాషను గూర్చి ఇంకొక మాట. మశూచికమును మనవారు ‘అమ్మవారు’ అనిరి. ‘అమ్మవారు పోసినది’ అనిరి. ఆ వాక్యమున కర్త అమ్మవారు. రోగమునకు పేరు, గౌరవము, వచ్చిపోవు మర్యాద ఉన్నవి. గుమ్మమున వేపమండ కట్టినచో పొరుగువాడు లోనికి రాడు. రాకుండుట అవమానము కాదు. తగ్గినపిమ్మట స్నానము పోయుదురు. ఎడబాటు ఆనాటితో ముగియును. 2020లో వచ్చిన వాక్యము ‘పాజిటివు వచ్చినది’ అనునది. ఇందు కర్త రోగము కాదు, పరీక్షాఫలము. మంచిని సూచింపవలసిన మాట చెడ్డకు గురుతైనది. నెగిటివు రావలెనని తల్లికి మ్రొక్కినవారును కలరు. ఈ వాక్యములో వేపమండ లేదు; వీధి చివర అడ్డుగా కట్టిన కఱ్ఱలున్నవి. ఎడబాటు ఎన్నడు ముగిసినదో ఇరుగుపొరుగునకు తెలియజేయు స్నానము లేదు. అందుచేతనే దినములు తీరి ఆరోగ్యవంతుడైనవానిని సైతము వీధి కొంతకాలము అనుమానముతో చూచినది. పాతపద్ధతి మేలైనదని మా వాదము కాదు. మశూచికము వేపమండతో పోలేదు, టీకాలతో పోయినది. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దాని నిర్మూలనమును ప్రకటించినది. వేపమండ కట్టిన యిండ్లలో చచ్చిన పిల్లల లెక్క ఎవరు వ్రాసిరి? మేము చెప్పునది భాషను గూర్చియే. ఎడబాటునకు ఒక ఆది, ఒక అంతము చెప్పగల మాటలు మనకుండెను. క్రొత్త ఎడబాటునకు అట్టి మాటలను కవులు సమకూర్పలేదు. ప్రకటనలలోని మాటలనే పద్యములలో నింపిరి.

2021 జనవరి 13న భోగి, 14న సంక్రాంతి, 15న కనుమ జరిగినవి. 16వ తేదీ ముక్కనుమనాడు దేశమున టీకాలు వేయుట మొదలైనది. 2021 అక్టోబరు 19న వచ్చిన సిరిమానునాటికి వ్యాధి ఇంకను తొలగలేదు. 2022లో సిరిమాను అక్టోబరు 11న వచ్చెను, వీధి నిండినది.

మ్రొక్కుబడి లెక్కలో తీరని మ్రొక్కు కొట్టివేయబడదు, బాకీగా నిలుచును. కావున 2022లో మానువైపు విసరిన పండ్లన్నియు ఆ సంవత్సరమువి కావు. జాతరలను గూర్చి పరిశోధనకు పూనుకొను విద్యార్థులు ఉత్సవక్రమమును, వాహనముల వరుసను వ్రాసికొనుటతో ఆగక, మూడులాంతర్లనుండి కోటవరకు గల యిండ్లలో ఒక ప్రశ్న అడుగవలెనని కోరుచున్నాము. ఆనాడు మీరు తీర్చిన మ్రొక్కు ఏ యేటిది, ఎవరికొరకు మ్రొక్కినది, వారు ఆ పండుగనాటికి ఇంట నుండిరా?