నా చీర ఏది? – నలుపు తెలుపులోకి మారుతున్న మన ఫొటోలు

మా ఆశ్రమ పాఠశాల నాలుగో తరగతి గోడకు ఒక క్యాలెండర్ ఉండేది. దండారి రోజుల్లో పట్నం నుంచి ఒక ఫొటోగ్రాఫర్ మా గూడేనికి వచ్చి, రెండు రోజులు ఉండి తీసిన ఫొటోలతో వేసిన క్యాలెండర్ అది. మనిషి మంచివాడు. అడగకుండా ఎవరి ఫొటో తీయలేదు. ఇచ్చిన మాట ప్రకారం మాకు కొన్ని కాపీలు కూడా పంపాడు. అందులో జనవరి నెల బొమ్మ మా పెద్దమ్మది. నలుపు తెలుపు. నుదుటి మీద ముడతలు నాగలి చాళ్లలా లోతుగా, ముఖం బొగ్గులా, కళ్లు మాత్రం మెరుస్తూ ఉన్నాయి. చూడగానే నాకూ నచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అది గోడకు తగిలించిన రోజు వేరే ఊరి పిల్లవాడు ఒకడు లేచి, "సార్, ఈ అవ్వ ఎప్పుడు చచ్చిపోయింది?" అని అడిగాడు.

ఆ సమయానికి మా పెద్దమ్మ చేనులో చివరి పత్తి ఏరుతూ ఉంది.

పిల్లవాడి తప్పేం లేదు. మన ఇళ్లలో నలుపు తెలుపు ఫొటో అంటే దండ వేసి ఉన్న ఫొటోనే. బతికున్నవాళ్లవి ఫోన్లలో రంగుల్లో ఉంటాయి. పిల్లలు అలాగే చదువుతారు. సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు క్యాలెండర్ పెద్దమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది. తరువాత ఒక్కటే అడిగింది, "నా చీర ఏది?" అని. చీర ఫొటోలో ఉంది. కానీ పత్తి డబ్బులతో ఇంద్రవెల్లి అంగట్లో బేరం ఆడి కొన్న చిలకపచ్చ చీర, ఎర్ర అంచుది, అందులో లేదు. బూడిద రంగు గుడ్డ ఏదో ఒకటి ఉంది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఫొటోగ్రాఫర్‌కు ఫోన్ చేసి అసలు రంగుల ఫొటో పంపమని అడిగాను, పంపాడు. పెద్ద తెర మీద తెరిచి చూస్తే ఆశ్చర్యం వేసింది. పెద్దమ్మ వెనక మా తమ్ముడి ఎర్ర మోటార్‌సైకిల్ ఉంది, నీళ్ల కోసం పెట్టిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. క్యాలెండర్‌లో ఆ రెండూ చీకట్లో కలిసిపోయాయి. ఎవరూ చెరిపేయలేదు. రంగు తీసేసి, వెనక భాగాన్ని కాస్త నల్లబరిస్తే చాలు, అవే మాయమయ్యాయి. మోటార్‌సైకిల్‌తో పాటు మా పెద్దమ్మ బతుకుతున్న సంవత్సరం కూడా పోయింది.

ఇక్కడ పిల్లలకు, సాటి టీచర్లకు ఒక విషయం చెప్పాలి. ఫోన్‌లోగానీ మామూలు కెమెరాలోగానీ ఫొటో రంగుల్లోనే పుడుతుంది. వెలుగును పట్టే పలక మీద చిన్న చిన్న రంగు జల్లెడలు ఉంటాయి. ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపుది, ఒకటి నీలంది. నలుపు తెలుపు అనేది ఆ తరువాత లెక్క కట్టి తయారుచేసేది. ఆ లెక్కల్లో బాగా వాడుకలో ఉన్న ఒకటి ఇలా ఉంటుంది: నూటిలో ఎరుపు వాటా సుమారు 30, ఆకుపచ్చ వాటా 59, నీలం వాటా 11. మనిషి కన్నుకు ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువ వెలుగుగా కనిపిస్తుంది కాబట్టి ఆ వాటాలు. అంటే లెక్కలోనే ఒక తీర్పు ఉంది. ఏ రంగు ఎంత తెల్లబడాలి, ఎంత నల్లబడాలి అన్నది ముందే ఎవరో నిర్ణయించి పెట్టారు.

దీన్ని ఇంద్రవెల్లి స్తూపం ఫొటో మీద చేసి చూశాను. 1981 ఏప్రిల్ 20న భూమి హక్కుల కోసం సభకు వచ్చిన మనవాళ్ల మీద కాల్పులు జరిగిన చోటు అది. స్తూపం ఎర్రనిది అని మనలో ఎవరికీ చెప్పనక్కరలేదు. నా ఫొటోలో స్తూపం మీద ఒకచోట ఎరుపు 200, ఆకుపచ్చ 40, నీలం 40 ఉన్నాయి. వెనక చెట్టు ఆకుల్లో ఒకచోట ఎరుపు 80, ఆకుపచ్చ 100, నీలం 50. పై లెక్క ప్రకారం మార్చితే రెండింటికీ వచ్చే బూడిద రంగు ఒకటే, 88. అక్కడ స్తూపం చెట్టులో కలిసిపోయింది. ఎరుపు వాటా ఒక్కటే ఉంచితే స్తూపం 200, చెట్టు 80. అప్పుడు స్తూపం సున్నం వేసినట్టు తెల్లగా నిలబడింది. ఆకుపచ్చ వాటా ఒక్కటే ఉంచితే స్తూపం 40కి పడిపోయి కాలిన మొద్దులా అయింది. ఒకే ఫొటో, ఒకే స్తూపం. కాల్పులు తెలియని ఊరి పిల్లవాడికి ఈ మూడింటిలో ఏది చూపిస్తే అతనికి అదే ఇంద్రవెల్లి. ఏ ఒక్కదానిలోనూ ఎరుపు లేదు.

ముఖాల సంగతీ ఇంతే. చర్మం నుంచి తిరిగి వచ్చే వెలుగులో ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ. నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపు, నారింజ రంగుల వాటా తగ్గిస్తే ముఖం నల్లబడుతుంది, ప్రతి ముడతా, ప్రతి మచ్చా లోతుగా తేలుతుంది. పెంచితే ముఖం తెల్లబడి నున్నగా అవుతుంది. పట్నంలో పెళ్లికూతురి ఫొటోకు పెంచుతారు, ఆదివాసి అవ్వ ఫొటోకు తగ్గిస్తారు. బడి కంప్యూటర్‌లో గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెద్దమ్మ ఫొటోకు ఎరుపు పెంచి చూశాను. ఆమె ఉన్నదానికంటే తెల్లగా వచ్చింది. అదీ ఆమె కాదు. మళ్లీ మొదటికి వచ్చాను.

అయితే పాత నలుపు తెలుపు ఫొటోలన్నీ తప్పు అంటారా అని మా బడిలో ఒక కుర్ర టీచర్ అడిగాడు. నేను అలా అనను. 1940ల్లో హైమెండార్ఫ్ మన ఆదిలాబాద్ గోండు గూడేలలో తిరిగి తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది కూడా ఆయన చొరవతోనే. టీచర్‌ను కాబట్టి ఆ రుణం నాకు తెలుసు. ఆయన చేతిలో ఎక్కువగా ఉన్నది నలుపు తెలుపు ఫిల్మ్. ఆ ఫిల్మ్‌కు రంగు అందదు, అందుకే ఆ ఫొటోలో రంగు లేదు. ఇప్పటి కెమెరా రంగునంతా పట్టుకుంటుంది, దాన్ని మనం కావాలని పారేస్తాం. అక్కడ లేమి, ఇక్కడ ఎంపిక. ఈ ఎంపికతో నిన్నటి దండారిని హైమెండార్ఫ్ కాలానికి తీసుకుపోయి పడేస్తున్నామని మన కుర్రాళ్లకు తెలియడం లేదు.

ప్రపంచంలో ఈ పని పెద్ద ఎత్తున చేసినవాడు బ్రెజిల్‌కు చెందిన సెబాస్టియావో సాల్గాడో. 2025లో కన్నుమూశాడు. డిజిటల్ కెమెరాకు మారిన తరువాత కూడా నలుపు తెలుపును వదల్లేదు. 2021లో వచ్చిన 'అమెజోనియా' పుస్తకంలో అడవి, నదులు, అక్కడి ఆదివాసులు అందరూ నలుపు తెలుపే. నేను ఆ ఫొటోలు ఫోన్ తెర మీదే చూశాను. మబ్బులు, నది వంకరలు చూస్తుంటే ఊపిరి ఆగుతుంది. వాటికి రంగు అవసరం లేదనిపించింది. అడవిలో గుడ్డ తెర కట్టి దాని ముందు నిలబెట్టి తీసిన మనుషుల దగ్గరికి వచ్చేసరికి నా మనసు ఒప్పలేదు. అమెజాన్‌లో చాలా తెగలవాళ్లు ఉరుకుమ్ గింజల ఎరుపు ఒంటికి పూసుకుంటారు. మన తూర్పు ఏజెన్సీ కొండల్లో పెంచే జాఫ్రా గింజ అదే. జెనిపాపో కాయ నుంచి నలుపు తీస్తారు. ఎరుపు వేరు, నలుపు వేరు, వేటి సందర్భం వాటిది. నలుపు తెలుపులో ఎరుపు కూడా మసి పూసినట్టే అవుతుంది. వాళ్లు పూసుకున్నది ఒకటి, మనం చూసేది ఇంకొకటి. ఒక మంచి పని మాత్రం సాల్గాడో చేశాడు. ఫొటో కింద మనిషి పేరు, తెగ పేరు రాశాడు. మన క్యాలెండర్ల మీద "గిరిజన మహిళ" అని ఉంటుంది. మా పెద్దమ్మ బొమ్మ కింద ఉన్నదీ అదే.

మన గుస్సాడి సంగతి తీసుకోండి. నెమలి ఈకల టోపీలో నీలం, ఆకుపచ్చ ఒక్కచోట నిలవవు. ఆ నీలం పూసిన రంగు కాదు, ఈక నిర్మాణంలో వెలుగు పడి విరిగితే వచ్చేది. తల తిప్పితే మారుతుంది. ఆట సగం అందులోనే ఉంది. నలుపు తెలుపులో అది ఈత చీపురు కట్ట. ఫోన్‌లో 'మోనో' అని ఒక్క నొక్కు నొక్కి స్టేటస్ పెట్టుకునే తమ్ముళ్లను ఇది ఒక్కసారి ఆలోచించమంటాను. ఒంటి మీద పూసుకున్న బూడిద మాత్రం నలుపు తెలుపులో బ్రహ్మాండంగా వస్తుంది, అది ఒప్పుకుంటాను.

అలాగే కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వాళ్ల కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్. తెల్ల చీరలు, ముసుగులు, రాత్రి. తీసేయడానికి అక్కడ పెద్దగా రంగు లేదు. దీపం వెలుగు, తెలుపు, చీకటి. అలాంటి ఫొటోను నలుపు తెలుపు చేస్తే చూపు సూటిగా ముసుగుల వరుస మీదికి పోతుంది. కాబట్టి ఫొటోను బట్టి అడగాలి, రంగు తీసేస్తే ఇందులో ఏం పోతుంది, ఎవరిది పోతుంది అని. పోయేది ఏమీ లేకపోతే తీసేయండి.

ఇంకో మాట, మన ఇబ్బంది గురించి. ఈ పుస్తకం లోపలి పేజీలు కూడా నలుపు తెలుపులోనే అచ్చవుతాయి. రంగుల అచ్చుకు మన దగ్గర డబ్బు లేదు. అంటే మార్చక తప్పదు. అప్పుడైనా మార్చే చెయ్యి మనదై ఉండాలి. ప్రెస్సువాళ్లకు వదిలేస్తే ఏదో ఒక లెక్కతో మార్చేస్తారు, స్తూపం చెట్టులో కలిసిపోతుంది. అసలు రంగుల ఫైలు చెరపకుండా దాచి, కాపీ మీదే పని చేయండి. ముఖం ఆ మనిషి రంగుకు దగ్గరగా ఉండేట్టు చూసి, వీలైతే ఆ మనిషికే చూపించి అడగండి. కాగితం మీదికి రాని రంగును ఫొటో కింద మాటల్లో రాయండి. ఒక్క వాక్యం చాలు, దానికి ప్రెస్సువాడు ఎక్కువ డబ్బు అడగడు.

పెద్దమ్మ ఫొటో ఈ వ్యాసంతో పాటు ఇస్తున్నాను, ఆమెను అడిగే. మోటార్‌సైకిల్ కనబడేట్టు మార్చాను. కింద ఇలా వేయమని రాశాను: "మా పెద్దమ్మ, పత్తి ఏరే రోజుల్లో. చిలకపచ్చ చీర, ఎర్ర అంచు, ఇంద్రవెల్లి అంగట్లో కొన్నది. వెనక మోటార్‌సైకిల్ ఎరుపు, డ్రమ్ము నీలం." అచ్చుకు పంపే ముందు చదివి వినిపిస్తే, చీర ధర కూడా రాయమంది. ఎంతకు బేరం ఆడిందో అందరికీ తెలియాలట.