రేకు పిన్ను, గుండ్రటి పిన్ను

మయామీ నుంచి బయలుదేరిన ఓడలో మా క్యాబిన్ అద్దం కింద ఒక రాతబల్ల ఉంది. దాని వెనక గోడకి పక్కపక్కనే రెండు రకాల సాకెట్లు. ఒకటి అమెరికా తరహాది: నిలువుగా రెండు సన్నటి చీలికలు, కింద ఒక బెజ్జం. రెండోది యూరప్‌ది: గిన్నెలా లోపలికి దిగిన గుండ్రటి గుంట, దాని అడుగున రెండు బెజ్జాలు. డాలస్‌లో పాతికేళ్లుగా ఉంటున్న మా బావ చెయ్యి చూడకుండానే మొదటిదాని మీదికి వెళ్లింది. నా చెయ్యి రెండోదాని మీదికి వెళ్లింది. గుండ్రటి బెజ్జం కనబడితే మనవాళ్ల ఇల్లు కనబడినట్టే ఉంటుంది మరి.

ఆ చుట్టరికం కొంతవరకే నిజం. మన ఫోను ఛార్జరుకి ఉండే రెండు సన్నటి పిన్నులు 4 మిల్లీమీటర్ల లావువి. అవి యూరప్ గుంటలో హాయిగా కూర్చుంటాయి. మూడు పిన్నుల ప్లగ్గు సంగతి వేరు. అది బ్రిటన్ నుంచి మనకి వచ్చింది. బ్రిటన్ 1947లో పలకల పిన్నుల ప్లగ్గుకి ప్రమాణం రాసుకుని క్రమంగా అటు మారిపోయింది, మనం మాత్రం పాతదాన్ని వదల్లేదు. మన చిన్న ప్లగ్గు పిన్నుల మధ్య దూరం సుమారు 19 మిల్లీమీటర్లు, యూరప్‌దీ అంతే. కానీ మన పిన్ను లావు 5.1 మిల్లీమీటర్లయితే, వాళ్ల లావుపాటి పిన్నే 4.8. పైగా మన ఎర్తు పిన్నుకి అక్కడ చోటే లేదు. ఆ పిన్ను విరగ్గొట్టి బలవంతంగా దూర్చేవాళ్లని చూశాను. లోపలి స్ప్రింగులు సాగిపోతాయి, తర్వాత ఎవరు ఏ ప్లగ్గు పెట్టినా లూజే.

రేకు పిన్నుల కథ దీపం దగ్గర మొదలైంది. అమెరికా ఇళ్లలో కరెంటంటే బల్బు హోల్డరే అనుకునే రోజుల్లో, ఆ హోల్డరులోనే బిగించుకుని కావలసినప్పుడు ఊడదీసుకునే ప్లగ్గుకి హార్వీ హబెల్ 1904లో పేటెంటు పొందాడు. తేలిక, సౌలభ్యం ఆ సంప్రదాయానికి ప్రాణం. రేకులు మడుచుకునే ఛార్జరు చొక్కా జేబులో పడుతుంది. ఆ సన్నదనం నాకిష్టం. అయితే ప్లగ్గు సగం బయటికి వస్తే కరెంటున్న రేకులు బయటికి కనిపిస్తాయి. చంటిపిల్లలున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. యూరప్ సంప్రదాయం అందుకు భిన్నంగా భద్రత నుంచి బయలుదేరింది. జర్మనీలో ఆల్బర్ట్ బ్యూట్నర్ పేరుమీద 1926 నాటికే పేటెంటు ఉన్న ఆ గుంట పేరు షూకో. రక్షణ స్పర్శ అనే అర్థమున్న జర్మన్ మాటకి కుదింపు అది. పిన్నులకి కరెంటు తగిలే సమయానికి ప్లగ్గు ఒళ్లు గుంటలోకి దిగిపోయి ఉంటుంది, వేలు పట్టే సందుండదు. అందుకు మూల్యం దాని బరువు, ఆకారం.

ఇంత తేడాలోనూ ఒక ఆలోచన రెండింటిదీ ఒకటే. అమెరికా ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతావాటికన్నా పొడవు. అలాగే షూకోలో పక్కనున్న లోహపు పట్టీలు ముందు తగులుతాయి. అలాగే మన ప్లగ్గులో పైనున్న లావుపాటి పిన్ను. ముందు ఎర్తు, తర్వాతే కరెంటు. ఇక ఫేజు, న్యూట్రల్‌ల దగ్గర దారులు మళ్లీ వేరు. అమెరికా ప్లగ్గులో న్యూట్రల్ రేకు కాస్త వెడల్పుగా ఉంటుంది, తిరగేసి పెట్టలేం. షూకోనేమో ఎటు పెట్టినా ఒప్పుకుంటుంది.

నేల మీద నేను అమెరికా పట్టింపునే మెచ్చుకుంటాను. సముద్రం మీద మాత్రం యూరప్ పట్టనితనమే సరైనది. చాలా ఓడల్లో ఒక తీగ ఓడ ఇనుముకి తగిలినా సరఫరా ఆగిపోకూడదని ఏ తీగనీ ఇనుముకి కలపరు. అప్పుడు న్యూట్రల్ అంటూ ఏదీ ఉండదు, రెండు తీగల్లోనూ కరెంటున్నట్టే. మన స్పైక్ గార్డులు నేల మీది లెక్కతో తయారైనవి. చాలావాటిలో స్విచ్చు ఒక తీగనే తెంపుతుంది, లోపలి రక్షణ భాగాలు ఎర్తుని నమ్ముకుని పనిచేస్తాయి. ఇక్కడ అవే వేడెక్కి అంటుకోవచ్చు. 2013లో అమెరికా కోస్ట్ గార్డు వీటి గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో ఎంత మంచిది కొన్నా దాన్ని ఇంట్లోనే ఉంచండి.

ఇంకో ముచ్చట. చాలా క్రూయిజ్ ఓడల జనరేటర్లు 60 హెర్ట్జ్‌వి. అంటే ఆ గుంట ఆకారంలో యూరప్, వోల్టుల్లో యూరప్, నాడి మాత్రం అమెరికా. కరెంటు నాడిని లెక్కపెట్టి నడిచే పాతకాలపు గోడగడియారాన్ని మన ఊరినుంచి తెచ్చి అందులో పెడితే గంటకి 12 నిమిషాలు ముందుకి పోతుంది. ఫోను, లాప్‌టాప్ ఛార్జర్లకి ఆ బాధ లేదు. వెనక చిన్న అక్షరాల్లో 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే చాలు, రెండు సాకెట్లూ వాటివే. అలా లేకపోతే అడాప్టరు ఏమీ చెయ్యలేదు. అది ఆకారాన్ని మారుస్తుందిగానీ వోల్టుల్ని కాదు. కెటిల్, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్లని ఓడలోకి ఎలాగూ రానివ్వరు.

నేను తీసుకెళ్లింది అన్ని దేశాలకీ పనికొస్తుందనే పెద్ద అడాప్టరు. అమెరికా చీలికల్లో పెడితే తన బరువుకి తనే వేలాడి జారిపోయింది. యూరప్ గుంటలో నిలబడింది. కానీ దానికున్నవి రెండు పిన్నులే, నా లాప్‌టాప్ మూడో పిన్ను గాలికే మిగిలింది. రాత్రి రాసుకుంటూ లోహపు మూత మీద మణికట్టు ఆనిస్తే చీమలు పాకినట్టు జివ్వుమంది. ఎర్తు తెగిందని ఒళ్లే చెప్పింది.

"నా తీగ పెట్టి చూడు బావా" అన్నాడు బావ. తన ఛార్జరు తీగ పీకి ఇచ్చాడు. ఛార్జరు దిమ్మెకి తగిలే కొస, మూడు ఆకుల ఆకారంలో ఉన్నది, అచ్చం నా తీగ కొసలాగే ఉంది. గోడకి తగిలే వైపే ఇన్ని దేశాలు, ఇన్ని పిన్నులు. దిమ్మె వైపు కొస హైదరాబాదులోనూ డాలస్‌లోనూ ఒకటే. పెట్టాను. గోడలో రేకులు దిగాయి, వాటితోపాటు పొడవాటి మూడో పిన్నూ దిగింది. మూత మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచాను. చీమలు లేవు. బావ ఫోనుకి నా రెండు పిన్నుల ఛార్జరు ఇచ్చాను, అది పక్కనున్న గుంటలో ఏ అడాప్టరూ లేకుండానే కూర్చుంది.