విడిదింట్లో వేణ్ణీళ్ళు

అత్తిలి సుబ్రహ్మణ్యేశ్వరుడి షష్ఠి తీర్థం దగ్గరపడిందంటే ఊళ్ళో వైరింగు పనివాళ్ళకి తీరికుండదు. దీపాల తోరణాల మీదా, రంగులరాట్నాల మీదా పదిమంది కళ్ళుంటాయి కాబట్టి వాటి గురించి నాకంత బెంగలేదు. నా బెంగంతా మార్గశిరం చలిలో, తెల్లవారకుండానే సత్రం స్నానాలగదిలో గీజరు స్విచ్ వెతుక్కునే మనిషి గురించే.

ఇంట్లో గీజరు పేచీలు ఇంటాయనకి తెలుసు. కళ్యాణమండపం విడిది గదిలో గీజరుకి రోజుకో యజమాని. తడికాళ్ళతో వస్తారు, ఏ స్విచ్ దేనిదో తెలియక అన్నీ నొక్కుతారు. పసిపిల్లల చేత కూడా నొక్కిస్తారు. వైరింగు ఆ తెలియని చేతిని దృష్టిలో పెట్టుకుని చేయాలి. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి విడిగా ఒక లైను, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల పాయింటు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు.

తేడా వచ్చేది ఆపే దగ్గర. "ఆయ్, ఆపేశానండి, ఎర్రలైటు కూడా ఆరిపోయింది" అంటాడు వాచ్‌మన్. ఆ ఎర్రలైటుని నేను నమ్మను. బోర్డు మార్చినప్పుడో, పెళ్ళిరాత్రి హడావిడిగా జనరేటరు కలిపినప్పుడో ఫేజూ న్యూట్రలూ తారుమారైతే, స్విచ్ ఆపేది న్యూట్రల్‌నే. లైటు ఆరుతుంది, నీళ్ళు చల్లారతాయి, గీజరు మూతకింద మాత్రం 230 వోల్టులు అలాగే కాచుకుని ఉంటాయి. అందుకే రెండు తీగల్నీ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్ పెట్టమంటాను. అదీ స్నానాలగది బయట, స్టూలెక్కి పనిచేసేవాడికి కనిపించేచోట. ఆ తరవాతా టెస్టరు పెట్టాల్సిందే. ముందు కరెంటున్న పాయింటులో పెట్టి టెస్టరు వెలుగుతోందో లేదో చూసుకోవాలి, తరవాత గీజరు దగ్గర, మళ్ళీ కరెంటున్న చోట. చచ్చిన టెస్టరు కూడా వెలగదు మరి.

పాత కిట్‌క్యాట్ ఫ్యూజుల్లో ఒక సుఖముండేది. పింగాణీ ముక్క పీకి జేబులో వేసుకుంటే, పని అయ్యేదాకా ఎవరూ కరెంటు ఇవ్వలేరు. ఎంసీబీ అన్నిట్లోనూ దానికన్నా మెరుగే, ఈ ఒక్కదాంట్లో తప్ప. వంటవాళ్ళ గ్రైండరు ఆగిందని ఎవరో వచ్చి కిందికున్న మీటలన్నీ పైకి ఎత్తేస్తారు. మీటకి వేసే తాళాలు అమ్ముతారు, కొనేవాళ్ళే తక్కువ.

లైన్‌మెన్లు స్తంభమెక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటారు, అంటే లైన్ క్లియర్. తీసుకున్నవాడు తిరిగి ఇచ్చేదాకా ఆ లైనుకి కరెంటు ఇవ్వకూడదు. అదీ చాలదని తీగల్ని భూమికి కలిపే రాడ్లు తగిలించుకుంటారు. జనం గుమికూడే చోట ఉత్సాహంగా పనికి దిగేవాళ్ళలో చాలామంది ఆ మాటే విని ఉండరు. 2024 నవంబరులో మన పక్కనే తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతుండగా కరెంటు తీగలు తగిలి నలుగురు యువకులు పోయారు.

ఇక ఆషాఢం సంగతి. గీజరు కాయిల్‌లో వేడెక్కే తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. తీగకీ పైనున్న లోహపు గొట్టానికీ మధ్య అడ్డు అదే. కొసన సీలు పాడైతే ఆ పొడి తేమ పీలుస్తుంది. ముహూర్తాలు లేక నెలంతా వానల్లో మూలనపడిన గీజరుని శ్రావణంలో వేయగానే ఆర్‌సీసీబీ పడిపోవడానికి ఒక కారణమిదే. వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన దానికీ 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చేసరికే లైను తెంచేయడం దాని పని. గీజరు విప్పించి చూడాల్సింది పోయి, పెళ్ళివారు గోల పెడుతున్నారని ఆర్‌సీసీబీనే పక్కకి తప్పిస్తారు. ఎర్తు ఉందిగా అంటారు. డెల్టా నేల తడినేల, ఎర్తు బాగానే అందుతుంది నిజమే. ఆ తడిలోనే ఎర్తు పైపు తుప్పు పడుతుంది, ఆ తడి నేల మీదే మనిషి వట్టికాళ్ళతో నిలబడతాడు.

మండపం మాట్లాడుకోవడానికి వెళ్తే అందరూ వంటశాల, ఏసీ చూస్తారు. నేను ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కుతాను. మొన్నొకచోట గీజర్లు వేయించి మరీ నొక్కితే హాల్లో లైట్లన్నీ ఆరిపోయాయి, గీజర్ల ఎర్రలైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. మేనేజరుకి చూపించాను. పెళ్ళికూతురి తండ్రికి నాది చాదస్తంగా తోచింది. ముహూర్తం నాలుగు రోజుల్లో ఉంది, వేరే మండపం దొరకదు. చివరికి గీజర్ల లైను మెయిన్ దగ్గరే తీసేసి, పెరట్లో గాడిపొయ్యి మీద రెండు కాగులు పెట్టించడానికి మేనేజరు ఒప్పుకున్నాడు, కట్టెల ఖర్చు పెళ్ళివారిదేనన్న షరతు మీద.