ప్రవాస దాంపత్యము: రామానుజన్ ఖండిక యొకటి

ఎ.కె. రామానుజన్ 1929లో మైసూరున తమిళ కుటుంబమునందు జన్మించెను. తమిళ, కన్నడ, ఆంగ్లములు మూడును అతనికి స్వాధీనములు. క్షేత్రయ్య పదములను ఆంగ్లీకరించినవారిలో నతడొకడు. 1971లో వెలువడిన ‘రిలేషన్స్’ సంపుటియందు ‘లవ్ పోయమ్ ఫర్ ఎ వైఫ్ 1’ అను ఖండిక కలదు. పరభాషా ప్రాంతములలో కాపురములు చేయు మనవంటివారు దానిని శ్రద్ధతో చదువదగును.

పేరు చూచి శృంగారవర్ణనము నాశించు పాఠకునకు ఇందు దొరకునవి బంధువుల ముచ్చట్లు. దంపతులను వేరుచేయునది భాషయనిగాని మతమనిగాని కవి యనడు. ఒకరి బాల్యమున వేరొకరికి భాగము లేకపోవుటయే యనును. కవి తండ్రి గతించెను. ఆమె యతనిని చూడజాలదు. ఆమె తండ్రి కోపము వార్ధక్యమున చల్లారెను. నాటి మనిషిని కవి యెరుగజాలడు. పాత పెండ్లి ఛాయాచిత్రమున తలపాగాతో మామగారిని, మట్టెలతో అత్తగారిని చూచి, ఆమె భర్త ముఖమునకు మూలము వెదకుకొనును.

ఖండికకు ప్రాణమైన ఘట్టము చికాగోలోనిది. అలెప్పీలోని తాతగారి పెరటిలో, పనసచెట్టు చెంత నూతికి స్నానపుగది ఉత్తరమా, దక్షిణమా యని ఆమెయు, ఆమె సోదరుడును వాదులాడుదురు. ఆ యింటి నక్షను వార్తాపత్రికలమీదను, కవరుల వెనుకను, తుదకు అమెరికా రహదారి పటములమీదను గీయుదురు. మగని సంపాదనను సైతము పందెమొడ్డుదురు. కవియు, బావమరది భార్యయు బొమ్మలవలె నిలిచిపోదురు. తామున్న దేశపు పటము తాము విడిచిన యింటికి చిత్తుకాగితమైనది. ప్రవాసమును గూర్చి యింతకంటె చెప్పవలసినదేమి?

తుదిని కవి రెండు విరుగుడులు సూచించును: ఈజిప్టు రాజులవలె తోబుట్టువునే పెండ్లాడుట, లేదా పుట్టకమునుపే పెండ్లి నిశ్చయించుట. ఇది వ్యంగ్యమే; అయినను మనము నవ్వి విడువరాదు. మన మేనరికము కోరినదియు నట్టిదే: వధూవరు లొకే పెరటి నూతినీరు త్రాగినవారు కావలెనని. పరభాషల నడుమ అట్టి సంబంధములు ఇంటి తెలుగునకును కొంత కాపుదలయైనవి. వేరుభాష యింట పిల్ల నిచ్చునపుడు మన గుండె జంకుట అందులకే.

కాని ఆ విరుగుడు ఫలించినచో ఈ ఖండికయే పుట్టదు. ఆమె భర్త గతమునకై బెంగగొనును; అతడామె యూరి కథలను చూచి యీర్ష్యపడును. ఇందలి ప్రేమ యీ రెంటియందే యున్నది.

లోపము లేకపోలేదు. ఆమె తండ్రి కాఠిన్యమును సైతము భర్తయే చెప్పును. ఆమె గొంతు వినరాదు. అత్తవారి ముచ్చట్ల నడుమ బొమ్మవలె నిలిచిన రాత్రి ఆమెకును ఉండియుండదా? మన యింటికి వచ్చిన పరభాషా కోడలికి మన నూయి యెక్కడనో చెప్పుచుందుము. ఆమె నూయి యే దిక్కున నున్నదో అడుగుటయు మన సంస్కృతిలో భాగమే కావలెను.