ఉష్ణోగ్రతతో కాంతికి శ్రుతి: ఆదిలాబాద్ వాతావరణం దృష్ట్యా ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం
కాంతి తరంగదైర్ఘ్యం కంటే చిన్నవైన అర్ధవాహక నిర్మాణాలు తమ పరిమాణానికి, వక్రీభవన గుణకానికి తగిన తరంగదైర్ఘ్యం వద్ద అనునాదం చెందుతాయి. వేడి చేస్తే ఆ గుణకం మారి, అనునాద స్థానం జరుగుతుంది. తక్కువ వేడితో ఎంత ఎక్కువగా జరిపితే అంత విజయమన్నది ఈ రంగంలో తరచు కనిపించే కొలమానం. అది ఒక్కటే చాలదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. ఫలితం, దాని పరిమితి
టోమర్ లెవీ, జాన్ షుల్లర్ తదితరులు 2017లో ‘నానో లెటర్స్’ పత్రికలో లెడ్ టెల్యురైడ్ నిర్మాణాలపై ప్రకటించిన ఫలితం ఇందుకు చక్కని ఉదాహరణ. సుమారు 10 కెల్విన్‌ల మార్పుతోనే అనునాదం తన వెడల్పుకు కొన్ని రెట్లు జరిగింది. ఇది విశేషమైన ఫలితమే. అయితే తక్కువ ఉష్ణోగ్రతల వద్ద ఈ పదార్థపు స్పందన పెరగడమే దానికి మూలమని వారే వివరించారు. కనుక ఆ సంఖ్యను ఆ చలి నుంచి వేరుచేసి ఉటంకించడం సరికాదు.

3. ఆదిలాబాద్ పరీక్ష
ఆదిలాబాద్, జమ్మికుంట మార్కెట్లలో పత్తి ధరను తేమ ప్రభావితం చేస్తుంది. సీసీఐ కొనుగోళ్లలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత. 12 శాతం దాటితే కొనుగోలే ఉండదు. కొనుగోళ్లు సాగే చలికాలంలో తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా అరుదు కాదు.

పరారుణ కాంతితో తేమను కొలిచే పరికరంలో, నీరు బలంగా శోషించే 1940 నానోమీటర్ల వద్ద సిలికాన్ నానోనిర్మాణాల వడపోతను అమర్చామనుకుందాం. సిలికాన్ వక్రీభవన గుణకం డిగ్రీకి సుమారు 0.00018 పెరుగుతుంది. 20 డిగ్రీలకు పెరుగుదల 0.0036; దాదాపు 3.45 ఉన్న గుణకంలో ఇది వెయ్యింట ఒక వంతు. అంటే వడపోత గరిష్ఠంగా 2 నానోమీటర్లు జరుగుతుంది. వడపోత వెడల్పు 50 నానోమీటర్లయితే ఈ జరుగుడు లెక్కలోకి రాదు. 2 నానోమీటర్లే అయితే, ఎవరూ మార్చకుండానే పరికరం వేరొక తరంగదైర్ఘ్యాన్ని చూస్తుంది. ప్రయోగశాలలో గుణమైన సున్నితత్వం మార్కెట్ యార్డులో దోషమవుతుంది. ఆ దోషపు భారం రైతుపై పడుతుంది.

4. ముగింపు
చిన్న హీటరుతో పరికరాన్ని పరిసరాల కంటే వేడిగా, స్థిరంగా ఉంచవచ్చు. కానీ వేసవిలో 45 డిగ్రీలు తాకే చోట ఆ స్థిర ఉష్ణోగ్రత అంతకంటే పైన ఉండాలి. దానికి విద్యుత్తు, స్థిరపడే వ్యవధి కావాలి. కాబట్టి ఇటువంటి ప్రతి పరిశోధన శ్రుతి విస్తృతితో పాటు మూడు విషయాలు తెలపాలి: ఫలితం లభించిన మూల ఉష్ణోగ్రత, డిగ్రీకి అనునాదం తన వెడల్పులో ఎంత భాగం జరిగేదీ, దానిని నిలపడానికి అయ్యే విద్యుత్తు. శ్రుతి చేయగలగడం సగం పని. నిలపగలగడం మిగిలిన సగం.